చూసే చెయ్యి

పోరుమామిళ్ళ బస్టాండు ఎదురుగా
మా నాయన పెట్టిన అంగడి.
బోర్డు మీద ఇంకా 'రేడియో రిపేరు' అనే ఉంది,
రేడియో తెచ్చినోడు లేడు పదేండ్లుగా.

గుర్రప్ప వచ్చినాడు.
గోనెపట్టాలో చుట్టిన ఒంటిగొట్టం తుపాకి,
గొట్టం కింద రెండు బిగింపులతో పాత టార్చి,
సైకిలు ట్యూబు ముక్కతో మూడో కట్టు.
"గుండు తీసినావా?" అన్నా.
"గుండేసుకొని అంగడికొచ్చే పిచ్చోణ్నా మౌలాలీ!"
అయినా గొట్టం మూతి గోడవైపు తిప్పినా.
ఆ గోడకు మా నాయన పటం ఉంది.
ఇంకో గోడకు తిప్పినా.

అడవంచున శెనిక్కాయ చేను.
ఊడలు దిగి కాయ పట్టే నెల.
రాత్రి పన్నెండుకు వస్తాయంట పందులు,
డ్యూటీకొచ్చినట్టు.
"పేలిస్తే పైకే, బెదరడానికే.
కానీ యాడుండాయో కనపడాల గదా.
ఈ బల్బుకు పందీ గుట్టా ఒకటే."

విప్పినా.
మూడు బ్యాటరీల పొట్ట, తుప్పు స్ప్రింగు,
లోపలే నల్లబడిన గాజుబుడ్డి.
పేలిన ప్రతిసారీ తుపాకి తన్నే తన్నుకు
తీగ తెగేది.
ఇది ఎన్నో బల్బో గుర్రప్పకే తెలీదు.
ఎల్ఈడీకి తీగ లేదు, తెగేది లేదు.
ఆవగింజంత పసుపు చుక్క,
రగిలితే కండ్లు పోతాయి.

బల్బు మార్చేస్తే అయిపోయే పని కాదు.
తీగ కూర్చున్న చోటే చుక్క కూర్చోవాల.
వెంట్రుకవాసి జరిగిందా,
వెలుతురు నడిమధ్య చీకటి బొక్క.
ఆ బొక్కలోనే ఉంటాది పంది.
రాగి వాషరు ఒకటి, అరగదీసింది ఇంకొకటి,
వేడి దిగడానికి
పాత సత్తుగిన్నె అడుగు కోసిన బిళ్ళ.
ప్లస్సు మైనస్సు తప్పితే మొండికేస్తాది ఇది,
పాతదానికి ఆ పట్టింపు లేదు.
క్యారియరులో అన్నం చల్లారిపోయింది.

పొద్దు గుంకినాక నొక్కినా.
డిపో గోడ మీద చిరిగిన సినిమా పోస్టరు,
కొట్టిన మేకు తలతో సహా కనపడింది.
గుర్రప్ప నవ్వినాడు,
తన పెండ్లిలో కూడా నవ్వని మనిషి.
నూట ఎనభై ఇచ్చి, ఇరవై తర్వాత అన్నాడు.

పదైదు దినాలకు మళ్ళీ వచ్చినాడు.
ఇరవై ఇచ్చినాడు. ఇచ్చి, నిలబడినాడు.
"పందులు రాలేదా?"
"వచ్చినాయి. వెలుతురుకే పారిపోయినాయి.
తూటా ఖర్చు లేదు."
"మరి?"

"పాతది చేనుకు తప్ప వెలిగించేవాణ్ని కాదు.
ఇంత వెలుతురు చేతికొస్తే ఊరికే ఉంటామా?
మోటారు కాడ ఫ్యూజు చూసినా దీంతోనే.
ఎనుము ఈనుతాంటే దీంతోనే.
మొన్న రాత్రి కరెంటు పోయింది.
పాప ఏడుస్తాంటే, ఏమన్నా కుట్టిందేమోనని
మంచం మీదికి కొట్టినా.
తేలు లేదు, ఏం లేదు.
తెల్లగా, దిష్టిచుక్కతో సహా, పాప మొగం.
ఆ మొగం నడిమధ్యకే గొట్టం.
గుండు లేదులే. గుండు లేదు."
రెండుసార్లు అన్నాడు.
"మా ఆడమనిషి ఒక్క మాటా అనలేదు మౌలాలీ.
గొట్టాన్ని చేత్తో పట్టి పక్కకు జరిపింది,
పొయ్యి మీద గిన్నె జరిపినట్టు."

నేను బిగింపుల మరలు విప్పుతా ఉండా.
విప్పమని ఆయన చెప్పలేదు,
విప్పేదా అని నేను అడగలేదు.

"పందులకెట్లా మరి?"
"ఎడంచేత్తో పట్టుకో.
చూసే చెయ్యి ఒకటి, కాల్చే చెయ్యి ఒకటి.
రెండూ ఒకే దిక్కు తిరగాలంటే
రొంత ఆలోచన పడుతాది."
"గురి తప్పుతాదే."
"పైకే గదా పేల్చేది?"

శానాసేపు నా మొగం చూసినాడు.
టార్చి జేబులో పెట్టుకొని
తుపాకిని గోనెపట్టాలో చుడతాన్నాడు.
గొట్టం కింద బిగింపులున్న చోట రెండు మచ్చలు,
అక్కడ మాత్రం తుప్పు ఎక్కలేదు.